లారెల్ ఆకు చుట్టుకున్న రోజు

"ఆకు చూశావా?"

ఫోను ఎత్తగానే ఓలెటా అక్క అడిగిన మొదటి మాట అది. పలకరింపు లేదు, పేరు చెప్పడం లేదు. జనవరి నెల, పొద్దున ఏడు గంటలు. నేనింకా కాఫీ కూడా పెట్టుకోలేదు.

"ఏ ఆకు?"

"ఏ ఆకేంటే! నీ పెరటి గుమ్మం పక్కనున్న లారెల్ పొద. తలుపు తీసి చూసి రా. నేను ఫోన్లోనే ఉంటా."

తలుపు తీశాను. చలి ముక్కులోకి సూదిలా దిగింది. మా కొండల్లో లారెల్ పొదలు చలికాలంలోనూ ఆకు రాల్చవు. చలి ముదిరే కొద్దీ ఆకులు కిందికి వాలి, అంచులు లోపలికి ముడుచుకుంటాయి. ఆ రోజు ప్రతి ఆకూ పొగాకు చుట్టలా బిగుసుకుపోయి కొమ్మకి నిలువుగా వేలాడుతోంది.

"పెన్సిలంత సన్నగా ఉన్నాయక్కా."

"గాలి?"

"లేదు."

"మబ్బు?"

"ఒక్కటి కూడా లేదు."

అవతల అరవై రెండేళ్ళ మా అక్క పదేళ్ళ పిల్లలా కేక పెట్టింది. "విల్డా, ఇవాళే! డోయల్‌కి చెప్పేశా. గొణుక్కుంటూ బయల్దేరాడు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు తెచ్చుకో. బూట్ల లోపలికి కాదు, పైకి!"

అక్క అంతగా ఎగిరి గంతేయడానికి కారణం ఒక రేకు బకెట్టు.

వాగు వంతెన దగ్గర డోయల్ క్రిస్ప్ దుకాణం ఉంది. ఉప్పు నుంచి గుర్రపు నాడాల దాకా అన్నీ అక్కడే. మధ్యలో ఇనప పొయ్యి, చుట్టూ బెంచీలు. ఆ పొయ్యికి సరిగ్గా పైన, దూలానికి పందికొవ్వు నింపి అమ్మే రేకు బకెట్టు ఒకటి వేలాడుతూ ఉండేది. దాని మీద ఎర్ర రంగుతో "గార్లాండ్ చేపల చెరువు" అని రాసి ఉండేది. లోపల్నించి ఒక చెక్క చేప తల బయటికి పెట్టి నోరు తెరుచుకుని చూస్తుండేది. కొత్తవాళ్ళెవరైనా అదేమిటని అడిగితే చాలు, బెంచీల మీది వాళ్ళందరికీ ఆ రోజు పండగే.

గార్లాండ్ హెన్స్‌లీ మా నాన్న.

కుర్రతనంలో నాన్న కలప కంపెనీలో రంపం లాగేవాడు. కేనీ వాగు పైభాగంలోని చెట్లన్నీ కొట్టింది ఆయనా, ఆయన జట్టూనే. చెట్లు పోయాక మట్టి జారింది. మట్టికి నీళ్ళు బురదయ్యాయి. ఎప్పట్నుంచో ఉన్న చుక్కచేపలు రెండేళ్ళలో అంతరించాయి. ఒళ్ళంతా ఎర్రటి చుక్కలు, రెక్కలకి తెల్లటి అంచులు ఉండే మా కొండ ట్రౌట్ చేపని మేం చుక్కచేప అనే అంటాం. ఆ తర్వాత కింది వాగులోకి ఎవరెవరో వేరే జాతి చేపల్ని తెచ్చి వదిలారు కానీ, అవి కేనీ జలపాతాన్ని దాటి పైకి ఎక్కలేవు. దాంతో జలపాతం పైన వాగు ఉత్త వాగుగా మిగిలిపోయింది. నీళ్ళు మళ్ళీ తేటపడ్డా చేప లేదు.

ఓ చలికాలం నాన్న కొండ అవతలి వాగులో పదకొండు చుక్కచేపల్ని పట్టి, ఈ బకెట్టులో వేసుకుని, ఏడు మైళ్ళు నడిచి జలపాతం పైన వదిలాడు. ఎండాకాలమైతే అర మైలు పోకుండానే చచ్చిపోతాయి, చల్లటి నీళ్ళలో అయితే ఓర్చుకుంటాయి, అందుకే జనవరిలో వెళ్ళాడు. నీళ్ళకి గాలి అందాలని చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, దారంతా కుడిచేత్తో కలుపుతూనే నడిచాడట. అడ్డొచ్చిన ప్రతి ఊటలో పాత నీళ్ళు పారబోసి కొత్తవి నింపాడట. తొమ్మిది బతికాయి. ఆ చేతి రెండు వేళ్ళకి ఏప్రిల్ దాకా స్పర్శ తిరిగి రాలేదని అమ్మ చెప్పేది.

ఇది నాన్న దుకాణంలో చెప్పాడు. అక్కడే పొరపాటు చేశాడు. "నువ్వు ఖాళీ చేసిన చెరువుని నువ్వే నింపావా గార్లాండ్?" అని ఒకరూ, "తొమ్మిదేనా? పదో చేప కూడా నడిచొచ్చిందేమో చూడు!" అని మరొకరూ. డోయల్ వాళ్ళ నాన్న మా వాకిట్లో పడి ఉన్న బకెట్టు అడిగి తీసుకెళ్ళి, రంగు పూసి దూలానికి కట్టాడు. అప్పట్నుంచీ నాన్న ఉప్పు కొనడానికి రెండు మైళ్ళు ఎక్కువ నడిచి పై ఊరి దుకాణానికి వెళ్ళేవాడు. పోయేదాకా అంతే.

అక్క మాత్రం ఆ దుకాణం మానలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటింట్లో వండింది. రోజుకి మూడొందల మందికి మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు. సాయంత్రాలు వంటింటి బల్ల మీద దీపం పెట్టుకుని గాలానికి ఈగలు కట్టేది. అంటే నిజం ఈగలు కావు. చిన్న కొక్కేనికి ఈకలూ, బొచ్చూ, దారం చుట్టి, చేప కంటికి పురుగులా కనబడేలా చేయడం. అక్క కట్టిన ఈగల కోసం టౌను నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. ఈకల కోసం ఆమె ఎవరి కోడిపుంజు మెడనీ వదిలేది కాదు. పక్కింటి బెర్నిస్ అయితే, "ఓలెటా వస్తోంది, పుంజుల్ని లోపల పెట్టండర్రా" అని నిజంగానే అరిచేది. పోయిన అక్టోబరులో అక్కని నాన్న సమాధి పక్కనే పాతిపెట్టి వచ్చాక, బెర్నిస్ తన ఎర్ర పుంజు మెడ ఈకలు ఒక కవరులో వేసి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఆ కవరు ఇంకా బల్ల మీదే ఉంది.

సరే, ఆ బకెట్టు సంగతి. ఆకు చుట్టుకున్న ఆ జనవరికి ముందు, క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా అక్క పొయ్యి దగ్గర నిలబడి అంది:

"ఒరేయ్ డోయల్, జలపాతం పైన నేను చేప పట్టి చూపిస్తే ఆ బకెట్టు దింపుతావా?"

డోయల్, అక్క ఒకే బళ్ళో ఒకే బెంచీలో చదివారు. అతను లెక్కల పుస్తకం మూసి కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అక్కడ చేప ఉంటే మీ నాన్న తెచ్చిందేనని నేనూ ఒప్పుకుంటా. మా నాన్న కాలం నుంచి ఇవాళ్టి దాకా అక్కడ చేప ఉందన్నవాడు మీ నాన్న ఒక్కడేగా. కానీ పట్టి తెచ్చి చూపిస్తే కుదరదమ్మాయ్. కింది వాగులోది పట్టి పైదని అంటే?"

"అయితే నువ్వే రా. నీ కళ్ళతోనే చూడు."

"వస్తా. ఎండాకాలంలో వస్తా."

"ఎండాకాలంలో ఆ పొదల్లో నీ ముక్కు నీకే కనబడదు. లారెల్ ఆకు చుట్టుకున్న రోజున రావాలి."

అసలు కిటుకు అదే. జలపాతం పైన వాగు వెడల్పు మంచమంత కూడా ఉండదు. రెండు పక్కలా లారెల్ పొదలు నీళ్ళ మీదికి వంగి సొరంగంలా మూసేస్తాయి. ఆకులు విప్పి ఉంటే గాలం దారం వేయడం కాదు, చెయ్యి దూర్చడం కూడా కష్టం. గడ్డకట్టే చలిలో ఆకులు చుట్టుకున్నప్పుడే కొమ్మల మధ్య సందులు తెరుచుకుంటాయి. కానీ అంత చలిలో చేప కదలదు. మధ్యాహ్నం ఎండ లోయలోకి దిగి నీళ్ళ మీద పడ్డాక, ఏ గంటసేపో మేతకి లేస్తుంది. అదే ఎండకి ఆకులూ విచ్చుకోవడం మొదలవుతుంది. చేప లేచాక, ఆకు విచ్చుకునే లోపల, ఆ కాస్త వ్యవధిలోనే పని జరగాలి. అంతకు ముందు రెండు చలికాలాలు అక్క ఒంటరిగా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఫిబ్రవరిలో మోకాలు ఆపరేషనుంది. ఆ తర్వాత జలపాతం పక్క రాళ్ళెక్కడం ఇక మర్చిపొమ్మన్నాడు డాక్టరు. అంటే ఇదే ఆఖరి చలికాలం.

పదింటికి జలపాతం కింద కలిశాం. డోయల్ కొత్త బూట్లేసుకుని వచ్చాడు. వాగులో జారకుండా అడుగున మందపాటి ఉన్ని అట్ట అంటించినవి. అక్క వాటిని చూసి నవ్వాపుకుంది. "చెప్పకే, చూద్దాం" అని నా చెవిలో ఊదింది. ఇరవై అడుగులు మంచులో నడిచాడో లేదో, ఆ ఉన్ని అట్టకి మంచు ముద్దలు ముద్దలుగా అంటుకుని డోయల్ జానెడు పొడుగయ్యాడు. ఇంకో ఇరవై అడుగులకి తాడిచెట్టంత మనిషి తూలుతూ పోతున్నట్టుంది.

"ఏంట్రా, ఈ వయసులో ఎదుగుతున్నావ్?"

"నవ్వు, నవ్వు. కిందికి దిగాక నీ బకెట్టుకి ఇంకో పూత పూయిస్తా. పచ్చరంగు."

అక్కా నేనూ బూట్ల మీద ఉన్ని మేజోళ్ళు తొడుక్కున్నాం. మంచు అంటదు, రాయి జారదు. నా రెండో జత డోయల్‌కిచ్చాను. "చల్లగా బతుకమ్మా విల్డా, మీ ఇంట్లో మనిషివి నువ్వొక్కదానివే" అన్నాడు. ముప్పావు గంట ఎక్కాం. జలపాతం సగం గడ్డకట్టి, మిగతా సగం ఆ మంచు వెనకాల గుడగుడమంటోంది. అక్క ప్రతి రాయి దగ్గరా మోకాలు పట్టుకుని పళ్ళు బిగించింది. ఆగుదామా అంటే మాత్రం, "ఎండ ఆగుతుందా?" అంది.

పైకి చేరాం. ఎండాకాలంలో నల్లటి గోడలా ఉండే పొదల్లోంచి వాగు మొత్తం కనబడుతోంది. మడుగు తర్వాత మడుగు, మెట్లు పేర్చినట్టు. వేల ఆకులు, ఒక్కటీ విప్పి లేదు. అంతా సన్నటి చుట్టలు. వాటి సందుల్లోంచి ఆకాశం నీలంగా దిగుతోంది.

"కూర్చోండి" అంది అక్క. "ఎవరూ నీళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు. మాట కూడా వద్దు."

కూర్చున్నాం. పదకొండున్నర. ఫ్లాస్కులో కాఫీ మూడు వాటాలేశాం. అక్క గాలం కర్రకున్న దారం ఉంగరాలకి పంది కొవ్వు రాస్తోంది. రాయకపోతే తడి దారం వాటిలో గడ్డకట్టి ఇరుక్కుంటుంది. రాసి, నాన్న ముక్కుపొడి డబ్బా తెరిచింది. అందులో నాలుగు ఈగలు. నాన్న ఎప్పుడూ కట్టే రకం, పసుపు ఈక చుట్టినవి. మూడు అక్క కట్టినవి, పెద్దవి. నాలుగోది చిన్నది, నాన్న స్వయంగా కట్టిన వాటిలో మిగిలిన చివరిది.

"నీ పెట్టెలేవి?" అన్నాను. నల్లవి, బూడిద రంగువి, ఆవగింజంతవి, చలికాలానికని కట్టినవే రెండు పెట్టెలుండాలి.

"ఇంట్లో పెట్టొచ్చా. నాన్న చేప నాన్న ఈగకే రావాలి."

సరేనని తలూపాను. అక్కడే నేనూ తప్పు చేశాను.

పన్నెండూ ఇరవైకి ఎండ మొదటి మడుగు చివర పడింది. నాణెమంత, తర్వాత పళ్ళెమంత, తర్వాత దుప్పటంత. అక్క మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళింది. పైకి విసరడానికి చోటు లేదు. కొక్కేన్ని రెండు వేళ్ళతో పట్టి వెనక్కి లాగి, కర్రని విల్లులా వంచి వదిలింది. పసుపు ఈగ రెండు ఆకుచుట్టల మధ్యనుంచి దూసుకెళ్ళి రాయి పక్కన వాలింది. డోయల్ కూడా "అబ్బ!" అన్నాడు.

ఏమీ లేదు. మళ్ళీ వేసింది. లేదు. రెండో మడుగు. లేదు. మూడో మడుగులో నీళ్ళ అడుగున ఒక నీడ కదిలిందని నేను ప్రమాణం చేస్తాను. ఈగ దగ్గరికొచ్చింది, చూసింది, వెనక్కి పోయింది.

"చూశావా? చూశావా?" అని అక్క గుసగుసగా అరిచింది.

"నేను చూళ్ళేదు" అన్నాడు డోయల్. "ఆకు కొట్టుకొచ్చుంటుంది."

"ఆకు నీటికి ఎదురీదుతుందట్రా?"

నాలుగుసార్లు వేసింది. ఆ నీడ మళ్ళీ రాలేదు. నేను తలెత్తి చూశాను. ఎండ తగిలిన వైపు లారెల్ ఆకు ఒకటి కొసన కాస్త విచ్చుకుంది. పక్కదీ. ఇంకో పావుగంట, అంతే.

అప్పుడు డోయల్ తన చేతి తొడుగు మీంచి ఏదో ఊదేశాడు. "చలిలో కూడా దోమలేంటే మీ కొండకి!"

అక్క గిరుక్కున తిరిగింది. మంచు మీద, డోయల్ చేతి మీద, రాళ్ళ మీద, నల్లటి పురుగులు. బియ్యపు గింజలో సగం కూడా లేవు. ఎండకి నీళ్ళలోంచి పైకొస్తున్నాయి. చేప తింటోంది వీటినే. దాని ముందు మేం విసురుతోంది పసుపు ఈకల పెద్ద పురుగుని, జనవరిలో!

"ఛీ, నా బుద్ధి!" అంది అక్క. "ముప్పై ఏళ్ళు ఊరందరికీ చెప్పా, చలికాలంలో చిన్నది, నల్లది వెయ్యండని. నాన్న అనేసరికి కళ్ళు మూసుకుపోయాయి."

డబ్బా తెరిచింది. చిన్న కొక్కెం ఒక్కటే ఉంది. నాన్నది. పసుపు ఈక కింద నల్లదారంతో చుట్టిన ఒళ్ళు.

అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. డోయల్ కూడా చూశాడు. "వద్దే ఓలెటా" అన్నాడు, ఎగతాళి లేకుండా. "అది మీ నాన్నది. దాచుకో."

"విల్డా, గోళ్ళ కత్తెర."

"అక్కా..."

"ఈ ఈక కోసం ఆయన బకెట్టులో చెయ్యి పెట్టి నడవలేదే. ఇటివ్వు."

ఇచ్చాను. వేళ్ళు వెచ్చబడాలని అక్క నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది. ఒకటి, రెండు, మూడు కోతలు. పసుపు ఈక ముక్కలు మంచు మీద పడ్డాయి. మిగిలింది నల్లదారం చుట్టిన కొక్కెం. అచ్చం డోయల్ ఊదేసిన పురుగులాగే ఉంది.

పైన ఆకులు విప్పుకుంటున్నాయి. ఇందాక రెండు జానల సందు ఉన్నచోట ఇప్పుడు బెత్తెడే ఉంది. అక్క కర్ర వంచింది. ఊపిరి బిగబట్టింది. వదిలింది. దారం ఒక ఆకుని రాసుకుంటూ వెళ్ళింది. నా ప్రాణం పోయింది. ఆగకుండా జారి, చుక్క నీరు కూడా చిందకుండా మడుగు మీద పడింది.

నల్లచుక్క తేలుతూ వస్తోంది. రాయి దాటింది. నురగ దాటింది.

నీళ్ళు చిన్నగా ముద్దు పెట్టుకున్న చప్పుడు.

"ఉంది! ఉంది! ఉంది!" అని అరిచింది ఎవరో కాదు, డోయల్. కర్ర కొస వంగి వణుకుతోంది. చేప రాయి కిందికి లాగుతోంది, అక్క పక్కకి తిప్పుతోంది, నేను మంచులో మోకాళ్ళ మీద పడి "లాగకక్కా, లాగకక్కా" అంటున్నాను. అర నిమిషంలో అంచుకి వచ్చింది. డోయల్ చెయ్యి చాచబోయాడు.

"ముట్టుకోకు! బయటికి తీస్తే ఈ చలికి మొప్పలు గడ్డకడతాయి. చూడాలనుంటే నువ్వే కిందికి వంగు."

అరవై దాటిన డోయల్ మంచులో బోర్లా పడుకున్నాడు. ముక్కు నీటికి తగిలేంత దగ్గరగా. అక్క తడి చేతిలో, నీళ్ళ లోపలే, జానెడు కూడా లేని చేప. వీపు మీద పాచి రంగు గీతలు, పక్కల ఎర్రచుక్కలు, పొట్ట నిప్పు రంగు, ప్రతి రెక్కకీ తెల్లగా సున్నం గీసినట్టు అంచు.

డోయల్ ముఖం ఎత్తకుండానే, టోపీ తీసి మంచు మీద పెట్టాడు.

"గార్లాండ్ బాబాయ్" అన్నాడు నీళ్ళకేసి చూస్తూనే. "నిజమే."

అక్క కొక్కెం విప్పింది. చేప రెండు క్షణాలు ఆమె వేళ్ళ మధ్యే నిలబడి, తోక ఒకసారి కొట్టి, రాయి కిందికి వెళ్ళిపోయింది. మేం లేచేసరికి ఆకులన్నీ సగానికి పైగా విప్పుకున్నాయి. మడుగు కనబడలేదు.

మర్నాడు దుకాణం నిండా జనం. డోయల్ స్టూలెక్కి బకెట్టు దింపాడు, చెక్క చేపని పొయ్యిలో వేశాడు, ముడతలు పడ్డ గుడ్డతో దుమ్ము తుడిచి అక్క ముందు పెట్టాడు.

"తీసుకో. నీదే."

అక్క తీసుకోలేదు. "ముందు నీళ్ళు నింపు."

"ఎందుకు?"

"నింపి, చొక్కా చెయ్యి మడిచి, లోపల పెట్టి, కలుపుతూ వంతెన దాకా వెళ్ళి రా. మా నాన్న ఏడు మైళ్ళు నడిచాడు. నువ్వు రెండొందల గజాలు నడువు."

బెంచీల మీద నవ్వులు లేచాయి. డోయల్ నవ్వలేదు. బయట పంపు దగ్గర బకెట్టు నింపుకున్నాడు. కోటు విప్పి, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు. చెయ్యి నీళ్ళలో పెట్టగానే నోట్లోంచి కూత వచ్చింది. నడిచాడు. అందరం వసారాలోకి వచ్చి చూస్తున్నాం. బకెట్టు బరువుకి ఒక పక్కకి వంగి, చెయ్యి తిప్పుతూ, మంచులో చిన్నచిన్న అడుగులు. ఎవరో ఈల వేయబోతే బెర్నిస్ మోచేత్తో పొడిచింది.

వంతెన దగ్గర వెనక్కి తిరగాలి. తిరగలేదు. పక్కన గట్టు దిగాడు. పడతాడేమోనని నేను పరిగెత్తబోయాను, అక్క నా చెయ్యి పట్టి ఆపింది. డోయల్ వాగు అంచున వంగి, బకెట్టులో నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు నింపుకుని, మళ్ళీ చెయ్యి లోపల పెట్టి గట్టెక్కాడు. ఊటల్లో నీళ్ళు మార్చుకున్న సంగతి అతనికి ఎవరూ గుర్తు చేయలేదు. ఏళ్ళ క్రితం ఈ పొయ్యి దగ్గరే నాన్న చెప్పింది, వాళ్ళంతా నవ్వుతూనే విన్నది.

తిరిగొచ్చేసరికి చెయ్యి ఉడికించిన దుంపలా ఎర్రగా ఉంది.

"వేళ్ళు తెలీట్లేదే" అన్నాడు.

అక్క తన మెడలోని ఉన్ని గుడ్డ తీసి ఆ చేతికి గబగబా చుట్టి రుద్దుతోంది. "ఏడవకు. ఏప్రిల్‌కల్లా వచ్చేస్తాయిలే" అంది. అలా రుద్దుతూనే ఉంది, మమ్మల్నందరినీ మర్చిపోయి.